"కాళ్లుండవు" అని నోరు జారాను, మూడో రోజుకి నిజంగానే విరిగింది. తప్పు నాదేనా అన్నా?

ఈ వారం వచ్చిన ఉత్తరం. పేరూ ఊరూ తీసేశా, కొంచెం కుదించా.

"అన్నా, మాది పల్నాడు వైపు. మా మండలంలో పార్టీ సోషల్ మీడియా పని నేనే చూస్తా, జీతం గీతం ఏం లేదు, అభిమానం అంతే. మా వాట్సాప్ గ్రూపులో 240 మంది ఉంటారు, అడ్మిన్లం ముగ్గురం. పోయిన నెల అవతలి పార్టీ వాడు ఒకడు మా నాయకుడి ఇంట్లో ఆడవాళ్ల మీద చెత్తగా పోస్టు పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయి రాత్రి గ్రూపులో వాయిస్ పెట్టా, 'వీడు ఇంకోసారి మన సెంటర్లో కనపడితే కాళ్లుండవు, మనలో మగాళ్లు లేరనుకుంటున్నాడు' అని. మూడో రోజు సాయంత్రం సెంటర్లో టీ కొట్టు దగ్గర ఐదుగురు కుర్రాళ్లు అతన్ని కొట్టారు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. ఐదుగురిలో ముగ్గురు మా గ్రూపోళ్లే. నేను ఆరోజు ఊళ్లోనే లేను, గుంటూరులో పెళ్లికి పోయా. వీడియో గ్రూపులోకి వస్తే అందరితో పాటు నేనూ బొటనవేలు గుర్తు పెట్టా, అంతే. కొట్టమని నేనెవర్నీ పంపలేదు, ఫోన్ కూడా చెయ్యలేదు. ఇప్పుడు పోలీసులు ఆ ముగ్గురి ఫోన్లూ తీసుకున్నారు. నా మీద కేసు అవుతుందా? గ్రూపు డిలీట్ చేసేస్తే మంచిదా? మా ఆవిడ ఆరోజు నుంచీ నా మొహం చూడట్లా, 'కొట్టింది నువ్వే' అంటంది. స్టేజీల మీద పెద్ద పెద్దోళ్లు రోజూ ఇంతకంటే ఘోరంగా మాట్లాడతారు కదా, వాళ్లకి లేనిది నాకేంటి?"

తమ్ముడూ,

ముందు ఒక్కటి చెప్తా, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకో. గ్రూపు డిలీట్ చెయ్యకు. ఆ వాయిస్ డిలీట్ చెయ్యకు. ఫోన్ రీసెట్ కొట్టకు, సిమ్ము మార్చకు, ఫోన్ కాలవలో పడిపోయిందని కథ చెప్పకు. సాక్ష్యం మాయం చెయ్యడం దానికదే ఇంకో నేరం, పాత శిక్షాస్మృతి ఐపీసీలో 201వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్‌లో 238. పైగా లాభం కూడా లేదు. నీ గొంతు 240 ఫోన్లలో ఉంది, అందులో మూడు ఇప్పటికే స్టేషన్లో ఉన్నాయి. నువ్వు నీ ఫోన్లో తుడిస్తే పోయేది నీ నిజాయితీ ఒక్కటే. ఇవాళ రేపట్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని కలువు, పార్టీ పంపించే లాయరు కాకుండా నీకంటూ ఒక మనిషిని పెట్టుకో, ఎందుకంటే రేపు పార్టీకి ఒకటి మంచిది, నీకు ఇంకోటి మంచిది అయ్యే పరిస్థితి రావచ్చు. ముందస్తు బెయిల్ వెయ్యాలా, లేకపోతే విచారణకి రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు, జనం ఇంకా 41ఏ నోటీసు అనే పిలుచుకుంటున్నది, వచ్చేదాకా ఆగాలా అన్నది ఆయన చెప్తాడు. ఆ కొట్టించుకున్నాయన ఎస్సీనో ఎస్టీనో అయితే మాత్రం మొదటి మాటగా లాయరుకి అదే చెప్పు, అట్రాసిటీ చట్టం పడితే ముందస్తు బెయిల్‌కి దారి దాదాపు మూసుకుపోతుంది. నువ్వు రాసిన దాంట్లో ఆ సంగతి లేదు.

నేను లాయర్ని కాదు, చాలా ఏళ్లు కోర్టు వార్తలు రాసినవాణ్ణి. ఆ మేరకే విను.

కేసు అవుతుందా అంటే, పెట్టొచ్చు. నిలబడుతుందా అన్నది వేరే సంగతి. కొట్టినవాడినే కాదు, కొట్టడానికి ఎగదోసినవాణ్ణి కూడా పట్టుకోవడానికి మన చట్టంలో అబెట్మెంట్ అని ఒక అధ్యాయమే ఉంది. చేతికి కర్ర ఇవ్వక్కర్లేదు, అక్కడ ఉండక్కర్లేదు, ఫలానా వాడితో మాట్లాడి ఉండక్కర్లేదు. నువ్వు గుంటూరులో పెళ్లి భోజనం చేస్తున్నావన్నది నిన్ను కొట్టినవాళ్ల లిస్టులోంచి తీసేస్తుంది, ఎగదోసినవాళ్ల లిస్టులోంచి తియ్యదు.

అందులో ఒక సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 117, 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్‌లో 57. పదిమందికి పైగా ఉన్న జనాన్ని గానీ మొత్తంగా ప్రజల్ని గానీ నేరానికి ఎగదోస్తే ఏంటన్నది అందులో రాశారు. ఆ సెక్షన్ కింద 1860 చట్టంలోనే ఒక ఉదాహరణ పెట్టారు. ఒకడు ఊళ్లో నలుగురూ తిరిగే చోట గోడకి ఒక కాగితం అంటించాడంట, పదిమంది కంటే ఎక్కువ ఉన్న ఒక వర్గం వాళ్లని ఉద్దేశించి, అవతలి వర్గం ఊరేగింపుగా వస్తున్నప్పుడు ఫలానా టైముకి ఫలానా చోట కలిసి వాళ్ల మీద పడండి అని. ఆ కాగితం అంటించినవాడు నేరం చేసినట్టే అని చట్టం చెప్పేసింది. గొడవ జరిగిందా లేదా అన్న ఊసు కూడా ఆ ఉదాహరణలో లేదు. నూట అరవై ఏళ్ల కిందట గోడ, ఇప్పుడు గ్రూపు. పాత చట్టంలో దీనికి మూడేళ్ల దాకా జైలు, కొత్తదాంట్లో ఏడేళ్ల దాకా పెంచారు.

ఇక నీ వైపు ఏముందో చెప్తా, ఉంది కూడా. కోపంలో నోటికొచ్చినట్టు అన్న మాటని, నిజంగా జరగాలని కోరుకోకుండా అన్నదాన్ని, ఎగదోయడం కింద లెక్కపెట్టకూడదని సుప్రీంకోర్టు 2001లో ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. అది భార్య ఆత్మహత్య కేసు, కొట్లాట కేసు కాదు, కానీ నీ లాయరు ముందు పట్టుకునేది దాన్నే. 1984 అక్టోబర్ 31న, ఇందిరాగాంధీని చంపిన రోజు సాయంత్రమే, చండీగఢ్‌లో ఒక సినిమా హాలు ముందు ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగులు సిక్కులకి వేరే దేశం కావాలనే ఖలిస్తాన్ నినాదాలు ఇచ్చారు. చూడు ఆ రోజు ఎలాంటి రోజో. అయినా 1995లో సుప్రీంకోర్టు వాళ్లని వదిలేసింది, రెండు మూడుసార్లు అరిచారు, జనం ఎవరూ కదల్లేదు, దానికే రాజద్రోహం అంటే ఎలా అని. 1989లో ఒక సినిమా మీద నిషేధం కేసులో అదే కోర్టు ఇంకో కొలత చెప్పింది, మాటకీ గొడవకీ సంబంధం దూరపు చుట్టరికంలా ఉంటే చాలదు, మందుగుండు పీపాలో పడ్డ నిప్పురవ్వలా ఉండాలి అని.

అడ్మిన్ అయినంత మాత్రాన గ్రూపులో ఎవడో పెట్టినదానికి నువ్వు జైలుకి పోవు, ఆ భయం పెట్టుకోకు. బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఆ మాట చెప్పేశాయి, అడ్మిన్‌కి మనుషుల్ని చేర్చుకోవడం తీసెయ్యడం తప్ప వాళ్ల నోటి మీద అధికారం లేదు, ముందే కలిసి అనుకున్నారని చూపిస్తే తప్ప. కానీ నీ ఇబ్బంది ఎవడో పెట్టినదాంతో కాదు కదా. నువ్వు పెట్టినదాంతో.

అమెరికా అయితే నువ్వు బహుశా బయటపడతావు, అక్కడ నీలాంటి కేసే ఒకటి ఉంది. 1966లో మిసిసిపీ రాష్ట్రంలో పోర్ట్ గిబ్సన్ అని ఒక చిన్న ఊళ్లో నల్లవాళ్లు తెల్లవాళ్ల షాపుల్ని బాయ్‌కాట్ చేశారు. 1969లో చార్లెస్ ఎవర్స్ అనే నాయకుడు ఒక మీటింగులో మన వాళ్లెవరైనా ఆ షాపుల్లోకి వెళ్తూ దొరికితే మెడలు విరగ్గొడతాం అన్నాడు. 1963లో కాల్చి చంపిన నల్లవాళ్ల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌కి అన్న ఈయన. షాపుల వాళ్లు నష్టపరిహారం కేసు వేస్తే అది తిరిగి తిరిగి 1982లో అక్కడి సుప్రీంకోర్టుకి చేరింది, కోర్టు ఆయన్ని వదిలేసింది, ఆవేశంగా మాట్లాడటం నేరం కాదు అని. కానీ ఒక మాట కలిపింది, ఈ ఉపన్యాసం అవ్వగానే దెబ్బలాటలు జరిగి ఉంటే అప్పుడు గట్టిగా ఆలోచించాల్సి వచ్చేది అని. మెడలు విరగ్గొడతాం అన్నాడు, ఆ మాట వెనకాలే ఏ మెడా విరగలేదు. నీ దగ్గర కాలు విరిగింది.

అక్కడ వచ్చింది చిక్కు. నీ వాయిస్ మళ్లీ ఒకసారి విను, నేను ఉత్తరంలోంచే నాలుగైదుసార్లు చదివా. "వాడికి బుద్ధి చెప్పాలి" అనలేదు నువ్వు. మన సెంటర్లో అన్నావు, చోటు చెప్పావు. ఇంకోసారి కనపడితే అన్నావు, ఎప్పుడో చెప్పావు. కాళ్లు అన్నావు, ఏది విరగాలో కూడా చెప్పావు. ఆ తర్వాత మగాళ్లు లేరనుకుంటున్నాడు అన్నావు చూడు, అది ఆ కొట్టించుకున్నాయనకి చెప్పిన మాట కాదు, ఆయన నీ గ్రూపులో లేడు. అది 240 మందిలో ఇంకా పెళ్లి కాని, ఏ పనీ లేని, పార్టీలో ఎవరికంటనైనా పడాలని చూసే కుర్రాళ్లకి చెప్పిన మాట. నువ్వు అలా అనుకుని అనలేదని నమ్ముతా. కానీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనేవాడు నమ్మడానికి జీతం తీసుకోడు, ఆ వాక్యాన్ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో సాక్షిని పిలుస్తాడు, అదే సెంటరు, అదే కాలు, అదే గ్రూపు కుర్రాళ్లు అని.

ఇంకోటి. ఎముక విరిగితే చట్టం దాన్ని మామూలు దెబ్బ అనదు, తీవ్రగాయం అంటుంది. నేను కొట్టమన్నాననే అనుకున్నా, ఇంత దెబ్బ కొట్టమనలేదు అని తప్పించుకుందామంటే దానికీ ఒక సెక్షన్ ఉంది, బీఎన్ఎస్ 51, నువ్వు ఎగదోసిన దాంట్లోంచి మామూలుగా ఏది పుట్టే అవకాశం ఉందో దానికి నీదే బాధ్యత. దీనికి చట్టంలో ఉన్న ఉదాహరణ నాకు భలే ఇష్టం. ఇల్లు తగలబెట్టమని ఒకణ్ణి ఎగదోస్తే, వాడు ఇల్లు తగలబెట్టి అదే ఊపులో సామాను కూడా ఎత్తుకుపోతే, తగలబెట్టినదానికి నీకు బాధ్యత ఉంది, దొంగతనానికి లేదు, ఎందుకంటే దొంగతనం నిప్పులోంచి పుట్టేది కాదు. మరి కాళ్లుండవు అన్న మాటలోంచి విరిగిన కాలు పుడుతుందా పుట్టదా, నువ్వే చెప్పు.

ఇంతవరకూ చట్టం. నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఇదేదీ కాదు. "వీడియో వస్తే అందరితో పాటు నేనూ బొటనవేలు గుర్తు పెట్టా, అంతే." ఆ అంతే దగ్గర ఆగిపోయా.

వాయిస్ కోపంలో పెట్టావు. సరే, ఒప్పుకుంటా, ఆ పోస్టు చదివితే నాకూ ఒళ్లు మండేదేమో. కానీ వీడియో వచ్చేసరికి కోపం మీద మూడు రాత్రులు గడిచిపోయాయి. ఒక మనిషి కింద పడి కాలు పట్టుకుని అరుస్తుంటే చూశావు, చూసి బొటనవేలు పెట్టావు. ఆ క్షణందాకా నీ మాటకి రెండు అర్థాలు ఉండేవి, ఊరికే అన్నాడులే అనుకోవచ్చు, నిజంగానే అన్నాడు అనుకోవచ్చు. ఆ వేలితో రెండిట్లో ఒకటి నువ్వే కొట్టేశావు. కోర్టులో నీకు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కూడా అదేనని నా అనుమానం, ఎందుకంటే మనసులో ఏముందో తెలుసుకోవడానికి జడ్జికి వేరే దారి లేదు, ముందు ఏమన్నావు, తర్వాత ఏం చేశావు, ఈ రెండే.

దీనికి ఒక పెద్ద ఉదాహరణ చెప్తా, నీ దాన్ని దాంతో పోలుస్తున్నానని కోపం తెచ్చుకోకు, కొలత వేరు, కొలబద్ద మాత్రం ఒకటే. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపారు, ఎక్కువ మంది టుట్సీలు అనే ఒక వర్గం వాళ్లు. దానికి ముందు ఏడాది నుంచే ఆర్టీఎల్ఎం అని ఒక రేడియో నడిచింది, పాటలు, జోకులు, కబుర్లు, మధ్యలో టుట్సీలని బొద్దింకలు అనడం. చంపడాన్ని 'పని' అనేవాళ్లు. పనికి వెళ్లారా, పని అయిందా అని. వినేవాళ్లకి అర్థమయ్యేది, బయటవాడికి అందులో తప్పు కనపడదు. ఇక్కడ మనవాళ్లు 'చూసుకోండి' అంటారే, అలాంటిది.

ఆ తర్వాత టాంజానియాలోని అరూషాలో ఐక్యరాజ్యసమితి కోర్టు పెట్టి విచారించారు. అందులో సిమోన్ బికిండి అని ఒక పాటగాడి కేసు ఉంది. దేశమంతా తెలిసిన గొంతు, ఆయన పాటలు ఆ రేడియోలో తెగ వేసేవాళ్లు, ద్వేషం పెంచే పాటలే అని కోర్టు కూడా అంది. అయినా పాటలకి శిక్ష వెయ్యలేదు. 1994 జూన్‌లో ఒక రోడ్డు మీద బళ్ల వరసలో వెళ్తూ మైకులో టుట్సీలని అంతం చెయ్యమని అన్నాడు, తిరిగొచ్చేటప్పుడు అదే మైకులో చంపారా అని అడిగాడు. 2008లో ఆయనకి పదిహేనేళ్లు పడింది ఆ మైకు మాటలకి. అన్ని ఏళ్ల పాటలకి లేని శిక్ష ఆ కాసేపటి మాటకి ఎందుకు పడిందంటే, అది సూటిగా చంపమన్న మాట, అప్పటికే దేశమంతా చంపడం జరుగుతోంది, అది ఆయనకి తెలుసు. నాకైతే ఇందులో ముఖ్యమైన మాట ఏం అన్నాడన్నది కాదు, ఎవరు వింటున్నారో తెలిసి అన్నాడన్నది. నీకూ నీ గ్రూపులో ఎవరున్నారో తెలుసు. 240 మందిలో ఎవడు ఉత్తి మాటలవాడో, ఎవడు నిజంగా లేచి వెళ్తాడో నీకు తెలియకపోతే మండలానికి నిన్ను ఇంచార్జి చెయ్యరు.

ఇంకో మనిషి ఫెర్డినాండ్ నహిమానా. చరిత్ర ప్రొఫెసరు, ఆ రేడియో పెట్టినవాళ్లలో ఒకడు. ఈయనకి మొదట యావజ్జీవం వేశారు, 2007లో అప్పీల్లో ముప్పై ఏళ్లకి తగ్గించారు, తగ్గించేటప్పుడు చాలా ఆరోపణలు కొట్టేశారు కూడా. మైకులో ఆయన అరిచాడని కాదు శిక్ష. మిగిలిన నేరం ఏంటంటే, ఆ రేడియో ఆయన చేతి కింద ఉంది, అందులో ఏం వస్తోందో ఆయనకి తెలుసు, ఆపగలిగీ ఆపలేదు. ఆపగలడని ఎలా తేలిందో తెలుసా? ఒకసారి ఆపాడు. రేడియోలో ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని తిడుతుంటే ఎవరో వచ్చి చెప్తే, ఈయన ఒక మాట అన్నాడు, ఆ తిట్లు ఆగిపోయాయి. సైన్యాన్ని తిట్టడం ఆపినవాడు టుట్సీల గురించి ఎందుకు ఆపలేదు అన్న ప్రశ్నకి ఆయన దగ్గర సమాధానం లేదు. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

మన చట్టంలో వాట్సాప్ అడ్మిన్‌కి అలాంటి బాధ్యత లేదు, పైన చెప్పా. కానీ నువ్వు నన్ను చట్టం ఒక్కటే అడగలేదు, మీ ఆవిడ మొహం చూడట్లేదని కూడా రాశావు. కాబట్టి అడుగుతున్నా. మూడు రోజుల్లో ఒక్కసారైనా, ఒరేయ్ కోపంలో అన్నా, ఎవరూ ఎవర్నీ తాకొద్దు అని ఇంకో వాయిస్ పెట్టావా? పెట్టి ఉంటే ఆగేవాళ్లా? నీ వాయిస్‌కి కదిలినవాళ్లు నీ వాయిస్‌కి ఆగేవాళ్లే. అడ్మిన్‌గా ఎప్పుడూ ఎవర్నీ తీసెయ్యలేదా నువ్వు, సొంత నాయకుణ్ణి తిట్టినవాణ్ణి అరగంటలో గ్రూపులోంచి గెంటెయ్యలేదా?

నీతులు చెప్తున్నాడు అనుకుంటావేమో, నా సంగతీ చెప్తా. ఎనభైల్లో మేం డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ యూనియన్ ఎన్నికలంటే చిన్న అసెంబ్లీ ఎన్నికల్లా జరిగేవి. నాకు తెలుగు కొంచెం బాగా వచ్చని మా ప్యానెల్ కరపత్రాలన్నీ నాతో రాయించేవాళ్లు. చివరి కరపత్రంలో అవతలి ప్రెసిడెంట్ క్యాండిడేట్ గురించి "ఈ కాలేజీ గేటు ఇక అతనికి మూసుకుపోవాలి" అని రాశా. ఓడించండి అని అర్థం, మంచి వాక్యం వచ్చిందని ప్రెస్సులో ప్రూఫు చూసుకుంటూ మురిసిపోయా కూడా. మర్నాడు పొద్దున అతను సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే మావాళ్లు నలుగురు నిజంగానే గేటు మూసేశారు. ఇనప గేటు. అతను పట్టుకుని తోస్తుంటే వీళ్లు ఇటునుంచి కొట్టేశారు. కుడిచెయ్యి రెండు వేళ్లు నలిగిపోయాయి.

ఆ నలుగుర్నీ సస్పెండ్ చేశారు. నన్ను ఎవరూ పిలవలేదు. కరపత్రం మీద ప్రెస్సు పేరు ఉంది గానీ రాసినవాడి పేరు ఉండదు కదా, ప్రెస్సాయన్ని అడిగితే ఎవరో కుర్రాళ్లు వచ్చారు గుర్తులేదు అన్నాడు, నన్ను కాపాడాలని కాదు, పాత బాకీ నేను ఇంకా కట్టలేదు, కేసైతే అది పోతుందని. చాలా ఏళ్ల తర్వాత బస్టాండులో రిజర్వేషన్ కౌంటరు అవతల అతను కనపడ్డాడు. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య పెన్ను ఇరికించుకుని రాస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, బాగున్నారా అన్నాడు, కిటికీ సీటు ఇచ్చాడు. నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆ కిటికీ సీటులో తెల్లారేదాకా నిద్ర పట్టలేదు అని రాస్తే బాగుంటుంది గానీ నిజానికి నిద్రపోయా, అదే నాకు ఎక్కువ సిగ్గు.

సరే, నీ చివరి ప్రశ్న. పెద్దోళ్లకి లేనిది నాకేంటి అన్నావు. ఈ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది, కొంత తప్పించుకోవడం ఉంది. న్యాయం ఏంటంటే, పెద్దోడికి మాట్లాడటం వచ్చు. తొడ కొడతాడు, మీసం తిప్పుతాడు, మా కార్యకర్తలు చూస్తూ ఊరుకోరు అంటాడు, ఏం జరిగినా మాకు సంబంధం లేదు అని ముందే చెప్పి పెట్టుకుంటాడు. నువ్వు మాత్రం సెంటరు పేరు, కాళ్లు అన్నీ వివరంగా చెప్పేశావు. చట్టానికి మాట ఎంత సూటిగా ఉంటే అంత పట్టు దొరుకుతుంది, అందుకే పైనుంచి కిందకి వచ్చేకొద్దీ మాటలు సూటిగా అవుతాయి, కేసులు కూడా కిందే పడతాయి.

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో గుర్తుందిగా. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవ, మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు, రోజుల తరబడి ఇంటర్నెట్ కట్టేశారు. వెనకాల ఎవరున్నారన్నదాని మీద పార్టీలు ఒకరినొకరు అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటారు. పోలీసులు మాత్రం వీడియోలూ వాట్సాప్ మెసేజీలూ ముందేసుకుని కుర్రాళ్లని ఏరుకుంటూ పోయారు. గల్ఫ్ వెళ్లి నాలుగు రాళ్లు సంపాదించుకొచ్చే ప్రాంతం అది, పాస్‌పోర్టుకి పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఒక ఎఫ్ఐఆర్ నంబరు ఏం చేస్తుందో అక్కడ ఏ తల్లినడిగినా చెప్తుంది. నీ గ్రూపులో ఆ ముగ్గురికి ఎన్నేళ్లు? రాయలేదు నువ్వు. ఇరవై రెండు దాటి ఉండవని నా అంచనా.

తప్పించుకోవడం ఏంటంటే, ఆ ముగ్గురి దృష్టిలో నువ్వే పెద్దోడివి. నీకు మంత్రి ఎలాగో వాళ్లకి నువ్వు అలాగ. వాళ్లు రేపు ఇదే ప్రశ్న అడుగుతారు, వాయిస్ పెట్టినోడికి లేనిది మాకేంటి అని.

మీ ఆవిడ అన్నది సగం తప్పు. కొట్టింది నువ్వు కాదు, ఆ ఐదుగురికీ బుర్ర ఉంది, చేతులు ఉన్నాయి, వద్దనుకునే వీలు ఉంది, 240 మంది విన్నారు, మిగతావాళ్లు ఇంట్లో అన్నం తిని పడుకున్నారు. వాళ్ల తప్పుని మొత్తం నీ నెత్తిన వేసుకుని ఏడవడం కూడా ఒక రకం గొప్పే, అదొద్దు. కానీ ఆవిడకి అలా చెప్పి గెలవాలని చూడకు. ఆ బొటనవేలు సంగతి ఆవిడకి తెలుసా? తెలియకపోతే పోలీసుల నోటో పక్కింటావిడ నోటో కాకుండా నీ నోటితోనే చెప్పు.

ఇప్పుడు ఏం చెయ్యాలి అన్నదాంట్లో ఒక ఇరకాటం ఉంది, దాచకుండా చెప్తా. మనసు వెంటనే ఆసుపత్రికి పొమ్మంటుంది, ఆయన కాళ్ల మీద పడమంటుంది. లాయరు నోరు మూసుకో అంటాడు, ఆయన చెప్పేది కూడా నిజమే, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు గానీ బయటివాళ్ల ముందు నేనే చేశా అన్నది చెల్లుతుంది, పైగా కేసులో ఇరుక్కునేవాడు బాధితుడి మంచం దగ్గరికి వెళ్తే బెదిరించడానికి వచ్చాడంటారు, డబ్బు ఇస్తే నోరు మూయించడానికి ఇచ్చాడంటారు. అందుకని వరస ముఖ్యం. ముందు లాయరు. ఆయనతో నాకు శిక్ష తప్పితే చాలు అని కాకుండా నేను ఆ మనిషికి ఏదో ఒకటి చెయ్యాలి, దారి చూపించు అని అడుగు, ఆ మాట అడిగే క్లయింటు ఆయనకి కూడా ఎప్పుడో గానీ తగలడు. రెండు వైపులా మాట చెల్లే పెద్దమనిషి ఒకరు ప్రతి ఊళ్లో ఉంటారు, ఆయన ద్వారా కబురు పంపొచ్చు. ఆసుపత్రి బిల్లు విషయంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి బాధితులు అర్జీ పెట్టుకునే వీలుంది, అది ఆ ఇంటివాళ్లకి తెలియకపోవచ్చు, తెలిసేలా చెయ్యి. కుర్రాళ్లు జైలుకి పోతే వాళ్లకి కూడా అదే సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. వాళ్లకి పార్టీ ఫీజు కడుతుందో లేదో కనుక్కో, మొదటి వాయిదాకి వచ్చినంతమంది మూడో వాయిదాకి రారు, నేను చూసిందే.

గ్రూపుకి ఇంకో వాయిస్ పెట్టు. ఏం అనాలో ముందు కాగితం మీద రాసుకుని లాయరుకి చూపించి పెట్టు, అయ్యిందేదో అయ్యింది అని మొదలుపెట్టకు, కేసు గురించి ఒక్క మాట అనకు, అవతలి వాళ్ల పోస్టు సంగతి ఎత్తకు. ఎవరూ ఎవరి మీదకీ వెళ్లొద్దు, నా మీద గౌరవం ఉంటే ఆగండి, అంతవరకే. నిన్ను పిరికోడు అంటారు, కొందరు గ్రూపులోంచి వెళ్లిపోతారు, ఇంచార్జి పని ఇంకొకడికి ఇస్తారేమో కూడా. అవతలి పార్టీ కుర్రాళ్లు ఈపాటికి వాళ్ల గ్రూపులో ఎవడి వాయిస్ వింటున్నారో నీకు తెలుసు కదా, ఆలస్యం చెయ్యకు.

మరో సంగతి, కాల్లో వేసిన రాడ్ కొంతమందికి ఏడాదో ఏడాదిన్నరో పోయాక మళ్లీ ఆపరేషన్ చేసి తియ్యాల్సి వస్తుంది. అప్పటికి ఆ పోస్టు ఏంటో, ఎవరు ఎవర్ని ఏమన్నారో మీ సెంటర్లో ఎవడికీ గుర్తుండదు, వీడియో కూడా కింద ఎక్కడికో పోయి ఉంటుంది. ఆ రోజు ఆయన పక్కన ఎవరుండాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్నది ఆ పెద్దమనిషితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.